ఆదివారం మాత్ర: డీఎన్ఏ నకలు ఆగిపోయిన ఒక కేసు

చీటీ మీద "డెంగీ?" అని రాసి పంపారు. నవంబరు నెల, చెన్నైలో నాలుగు రోజులుగా వాన, జ్వరం, ప్లేట్‌లెట్లు 18,000. ఆ నెలలో అలాంటి చీటీ పట్టుకుని వచ్చిన ఎవరినైనా ముందు డెంగీ అనే అనుకుంటాం. నేనూ అనుకున్నాను. మొదటి నాలుగు గంటలు ఆ దారిలోనే పోయాను. ఈ కేసు రాయాలనుకోవడానికి అదొక కారణం.

నేను ఇక్కడ ఒక ఆసుపత్రిలో రక్త సంబంధ వ్యాధులు చూస్తాను. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చేవాళ్లను, తెలుగు మాట్లాడతానని, నా దగ్గరికే పంపుతుంటారు. ఈ రోగి, ఆమె కూతురు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. కొన్ని వివరాలు మార్చాను. మగ్గం సంగతి మాత్రం మార్చలేదు, అది లేకపోతే ఈ కేసు చెప్పలేను.

వచ్చిన రోజు

ఆమెకు 61 ఏళ్లు. ఊరు వెంకటగిరి. పుట్టింట్లో మొదలుపెట్టి అత్తింటి దాకా నలభై ఏళ్లకు పైగా చేనేత పనే. ఏడాది కిందట వేళ్ల కణుపులు వాచి నాడె పట్టుకోలేకపోయింది. పరీక్షల్లో రుమటాయిడ్ ఆర్థరైటిస్, మన వాళ్లు కీళ్లవాతం అనేది, అని తేలింది. రెండు రకాల మాత్రలు రాశారు. నాలుగు నెలల్లో వాపు తగ్గింది, మనవరాలికి జడ వేసేంతగా వేళ్లు తిరిగాయి.

ఐదో నెలలో ఒక సోమవారం నోట్లో పుండ్లు లేచాయి. వేడి చేసిందన్నారు. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, బీ కాంప్లెక్స్ గోళీలు, పుండ్ల మీద నెయ్యి. బుధవారానికి విరేచనాలు. గురువారం జ్వరం. శుక్రవారం కాళ్ల మీద ఊదా రంగు చుక్కలు కనపడేసరికి అక్కడే రక్తపరీక్ష చేయించారు. ప్లేట్‌లెట్ల అంకె చూసి చెన్నై తీసుకెళ్లమన్నారు. శనివారం సాయంత్రం నా ముందుకు వచ్చేసరికి మజ్జిగ కూడా మింగలేకపోతోంది. "నోట్లో నిప్పులు పోసినట్టుండాది నాయనా" అంది, చెయ్యి అడ్డం పెట్టుకుని.

జ్వరం 101.8. హిమోగ్లోబిన్ 8.9. తెల్ల కణాలు 1,100, అందులో సూక్ష్మజీవులతో పోరాడే న్యూట్రోఫిల్స్ 240 మాత్రమే. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.8, రెండు నెలల కిందటి కాగితంలో అది 0.9 ఉంది.

సెలైన్ పెట్టించాను, డెంగీ పరీక్షలు పంపాను, గంటగంటకూ బీపీ చూడమన్నాను. పరీక్షలు నెగెటివ్ వచ్చాయి. అయినా ఒక్క నెగెటివ్‌తో డెంగీని కొట్టిపారేయలేం కదా అనుకున్నాను. నన్ను ఆపింది వేరే రెండు సంగతులు. డెంగీ ముదిరితే రక్తంలోని నీరు బయటికి కారి రక్తం చిక్కబడుతుంది, హిమోగ్లోబిన్ అంకె పైకి పోతుంది. ఈమెది రెండు నెలల కిందటి 12.1 నుంచి దిగజారింది. రెండోది నోరు. టార్చి వేసి చూస్తే పెదాల లోపలి పొర, బుగ్గల పొర, తడిసిన కాగితంలా ఊడి వస్తోంది. డెంగీలో చిగుళ్ల నుంచి రక్తం రావచ్చు గానీ నోరు ఇలా ఒలిచినట్టు అవదు.

అప్పుడు రెటిక్యులోసైట్ల అంకె అడిగాను. రక్త కణాలు పుట్టే ఎముక మూలుగ నుంచి అప్పుడే బయటికి వచ్చిన పసి ఎర్ర కణాలవి. ఇంత రక్తహీనత ఉన్న మనిషిలో అవి పెరగాలి. 0.2 శాతం వచ్చింది. అంటే మూలుగ పని మానేసింది.

నోరు, పేగు, మూలుగ. మూడూ ఒకే వారంలో చెడ్డాయి. ఈ మూడింటికీ పొత్తు ఒక్కటే: రాత్రీ పగలూ కొత్త కణాలు పుట్టే చోట్లు ఇవి. పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి మొత్తం మారిపోతుంది. మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్ర కణాలు తయారుచేస్తుంది. మెదడు, గుండె, కండరం అలా కాదు. ఉన్న కణాలతోనే నడుస్తాయి. ఆమె మాట స్పష్టంగా ఉంది, చేతుల్లో బలం ఉంది, నన్ను మా ఊరు ఏదని కూడా అడిగింది. కణం విభజన జరగని చోట అంతా బాగుంది, జరిగే చోటల్లా బాగాలేదు. అలా తేడా చూసి దెబ్బ కొట్టేవి లోకంలో ఎక్కువ లేవు. అందులో ఒకటి మాత్రల రూపంలో ఇళ్లల్లో దొరుకుతుంది.

"అమ్మా, కీళ్లకు ఏం మందులు వాడుతున్నారు?"

"పేర్లు నాకేం తెలుసు నాయనా. ఎర్ర అట్ట రోజూ, నీలం అట్ట ఆదివారం."

కూతురు వెంకటగిరిలో ఉన్న అన్నకు ఫోన్ చేసింది. తొమ్మిదిన్నరకు మాత్రల డబ్బా ఫోటో వాట్సాప్‌లో వచ్చింది. ఎర్ర అట్ట మీద మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు అని ఉంది. పది గుంటలూ ఖాళీ. నీలం అట్ట మీద ఫోలిక్ ఆమ్లం 5 మిల్లీగ్రాములు. అందులో రెండే ఖాళీ.

రెండు అట్టలు

డాక్టరు రాసింది సరిగ్గా దీనికి తిరగేసి. మెథోట్రెక్సేట్ ఆదివారం ఒక్కరోజు, ఫోలిక్ ఆమ్లం మిగతా ఆరు రోజులు. మొదటి నాలుగు నెలలూ షాపులో ఇచ్చిన కంపెనీ మాత్రల్లో ఫోలిక్ ఆమ్లం ఎర్ర అట్టలో, మెథోట్రెక్సేట్ నీలం అట్టలో వచ్చాయి. ఇంగ్లీషు చదవలేని ఆమె రంగును గుర్తు పెట్టుకుంది. ఐదో నెలలో వేరే కంపెనీ సరుకు వచ్చింది, రంగులు తారుమారయ్యాయి. రెండు మాత్రలూ పసుపు రంగువే. కవరు మీద రెండింటికీ ఒకే తీరున 1-0-0, అంటే పొద్దున ఒకటి, అని రాసి ఉంది. నెలకు కావలసింది నాలుగు మాత్రలు, అట్ట కత్తిరించడం ఎందుకని పదీ ఇచ్చేశారు. ఇందులో ఆమె తప్పు ఎంత అంటే, నా లెక్కలో ఏమీ లేదు. ఆమె తన పద్ధతిని ఒక్కరోజు కూడా తప్పలేదు, అందుకే ఇంత నష్టం జరిగింది.

పన్నెండు రోజుల్లో పది మాత్రలు, 150 మిల్లీగ్రాములు. పడవలసింది రెండు ఆదివారాలకు 30. నోరు పుండ్లు పడ్డాక కూడా మూడు రోజులు వేసుకుంది. దీనికి తోడు మోకాళ్ల నొప్పికని షాపులో కొన్న డైక్లోఫెనాక్. అది కిడ్నీలను నెమ్మది చేసింది. మెథోట్రెక్సేట్ బయటికి పోయే ముఖ్యమైన దారి కిడ్నీయే.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. ఆ రెండు అట్టల్లోని మందులు అణువు రూపంలో కూడా దాదాపు కవలలు. ఫోలిక్ ఆమ్లంలో ఒకచోట ఉండే ఆక్సిజన్ స్థానంలో అమైనో గుంపు, ఇంకోచోట అదనంగా ఒక మిథైల్ గుంపు పెడితే మెథోట్రెక్సేట్ అవుతుంది. అంతే తేడా. కణంలోని ఎంజైమ్ కూడా ఆమె పడినట్టే పొరపాటు పడుతుంది. తనకు కావలసిన ఫోలేట్ (కణంలో ఫోలిక్ ఆమ్లం ఉండే రూపం) వచ్చిందనుకుని మందును పట్టుకుంటుంది, పట్టుకున్నాక వదలదు.

ఆ పొరపాటు మీద వైద్యం నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. చదివింది ఇక్కడే, సెంట్రల్ స్టేషనుకు ఎదురుగా ఉన్న మద్రాసు మెడికల్ కాలేజీలో. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్లం కోవకు చెందిన మందులను లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గలేదు సరికదా, ఇంకా ఎగిసింది. అంటే ఆ కణాలకు అదే మేత. మేతను పోలిన నకిలీ ఇస్తే? సుబ్బారావు బృందం అమైనోప్టెరిన్, ఆ తర్వాత మెథోట్రెక్సేట్ చేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ అమైనోప్టెరిన్ ఇచ్చిన పిల్లల ఫలితాలు ప్రచురించాడు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు పోయారు. నా దగ్గర శిక్షణకు వచ్చే కుర్ర డాక్టర్లు రోజూ ఆయన కాలేజీ ముందు నుంచే బస్సు ఎక్కుతారు. పేరు అడిగితే సగం మందికి తెలియదు. సరే, అది వేరే గొడవ.

నకలు ఎలా ఆగుతుంది

రాత్రి పదకొండింటికి కూతురు అడిగింది: "కీళ్ల మాత్ర కదా సార్, నోరెందుకు పోయింది?" ఆమెకు చెప్పింది చిన్నగా, ఇక్కడ కాస్త పెద్దగా రాస్తాను.

కణం రెండుగా చీలే ముందు తనలో ఉన్న డీఎన్ఏ మొత్తానికి ఇంకో ప్రతి తీసుకోవాలి. మనిషి కణంలో రెండు సెట్ల క్రోమోజోములు కలిపి 600 కోట్లకు పైగా అక్షర జతలు ఉంటాయి. అడెనిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అనే నాలుగు అణువులే ఆ అక్షరాలు. సాగదీస్తే రెండు మీటర్లు. ఆ పనంతా సుమారు ఎనిమిది గంటల్లో అయిపోతుంది. దీన్నే ఎస్ దశ అంటారు.

ముందు హెలికేజ్ అనే ఎంజైమ్ పెనవేసుకున్న రెండు పోగులను విడదీస్తుంది. విడిపోయిన ఒక్కో పాత పోగు మీద కొత్త పోగు అల్లుకుంటుంది, అడెనిన్‌కు ఎదురుగా థైమిన్, గ్వానిన్‌కు ఎదురుగా సైటోసిన్. చివరికి ఒక్కో పిల్ల కణానికి ఒక పాత పోగు, ఒక కొత్త పోగు వస్తాయి. 1958లో మెసెల్సన్, స్టాల్ బరువైన నైట్రోజన్ తినిపించిన బ్యాక్టీరియాతో దీన్ని తేల్చారు. ఈ సంగతి మన కేసుకు అక్కరకొస్తుంది: మెథోట్రెక్సేట్ పాత పోగును ముట్టుకోదు. రాసి ఉన్నదాన్ని చెరపదు. కొత్త రాతను మాత్రం ఆపుతుంది. అందుకే నకలు తీయని మెదడు కణానికి దీని సెగ తగల్లేదు.

అక్షరాలు పేర్చేది పాలిమరేజ్. మన కణాల్లో దీని నడక నెమ్మది, సెకనుకు 50 అక్షరాల లోపే. ఒకటో నంబరు క్రోమోజోములోనే సుమారు 25 కోట్ల జతలున్నాయి. ఒక చివర మొదలుపెట్టి ఈ వేగంతో పోతే రెండు నెలలు పడుతుంది. ఎనిమిది గంటల్లో ఎలా అవుతుంది మరి? ఒకేసారి కొన్ని పదుల వేల చోట్ల మొదలవుతుంది. పైగా పాలిమరేజ్ ఒకే దిక్కుగా పేర్చగలదు. విడిపోతున్న రెండు పోగులవేమో ఎదురెదురు దిక్కులు. అందుకని ఒక పోగు మీద సాఫీగా సాగే పని రెండో పోగు మీద ముక్కలు ముక్కలుగా, వెనక్కి వచ్చి వచ్చి చేయాల్సి వస్తుంది. జపాన్‌లోని నగోయాలో ఒకజాకి దంపతులు 1960లలో కనిపెట్టిన ముక్కలివి. మన కణాల్లో ఒక్కో ముక్క 100 నుంచి 200 అక్షరాలు. తర్వాత వాటిని అతుకుతారు.

పాఠంలో ఇంతవరకు అందరూ చదువుతారు. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఈ వేల చోట్లకు ఒకేసారి అక్షరాలు ఎవరు అందిస్తున్నారు? కణం దగ్గర పెద్ద నిల్వేమీ ఉండదు. ఎస్ దశలో నిమిషాల పనికి సరిపడేంతే చేతిలో ఉంటుంది. మిగతాది ఎప్పటికప్పుడు తయారవుతూ రావాలి.

థైమిన్ తయారీలోనే చిక్కంతా ఉంది. యురాసిల్ ఉన్న అణువుకు ఒక మిథైల్ గుంపు తగిలిస్తే థైమిన్ అక్షరం అవుతుంది. ఆ గుంపును మోసుకొచ్చే కూలీ ఫోలేట్. బరువు దింపేశాక ఫోలేట్ డైహైడ్రోఫోలేట్‌గా మారి, అలసిన కూలీలా పక్కన కూర్చుంటుంది. దాన్ని మళ్లీ పనికి లేపేది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్. మెథోట్రెక్సేట్ పట్టుకునేది సరిగ్గా ఈ ఎంజైమ్‌నే. ఇక కూలీలంతా కూర్చునే ఉంటారు. అడెనిన్, గ్వానిన్ తయారీకి కూడా ఫోలేటే కావాలి కాబట్టి అవీ తగ్గుతాయి, గానీ ముందు గొంతు పట్టుకునేది థైమిన్ కొరతే.

అక్షరం లేకపోతే పాలిమరేజ్ ఊరుకుంటే కొంత నయం. ఊరుకోదు. థైమిన్ దొరక్క, పోగుపడిన యురాసిల్‌ను దాని చోట పెట్టేస్తుంది. మరమ్మతు ఎంజైమ్‌లు వచ్చి అది తప్పని కత్తిరిస్తాయి. ఖాళీ నింపబోతే మళ్లీ యురాసిల్. మళ్లీ కత్తిరింపు. ఎదురెదురు పోగుల్లో దగ్గరదగ్గర కోతలు పడితే డీఎన్ఏ తెగిపోతుంది, కణం చస్తుంది. తప్పు దిద్దే యంత్రాంగమే కణాన్ని చంపడం ఇందులోని విచిత్రం.

కూతురికి ఇదంతా చెప్పలేదు. "మగ్గం మీద చీర సగంలో ఉంది. పడుగు బాగుంది, నేసే మనిషి ఉంది, కండెల్లో ఒక్క రంగు నూలు అయిపోయింది. చీర ముందుకు పోదు, అలా వదిలేయలేం కూడా" అన్నాను. పక్క మంచం మీద కళ్లు మూసుకుని ఉన్న తల్లి, ఆ పుండ్ల నోటితోనే, "వేరే రంగు పెట్టి నేస్తే చీర చెడుతుంది" అంది. యురాసిల్ సంగతి నేను చెప్పకుండానే ఆమె చెప్పేసింది.

వైద్యం

మెథోట్రెక్సేట్, డైక్లోఫెనాక్ రెండూ ఆపాం. ఆ రాత్రే ఫోలినిక్ ఆమ్లం 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి నరానికి. సోడియం బైకార్బొనేట్ కలిపిన సెలైన్, మూత్రం క్షార గుణంలో ఉంటే మందు కిడ్నీల్లో గడ్డకట్టకుండా కరిగి బయటికి పోతుందని. న్యూట్రోఫిల్స్ 500 లోపు ఉండి జ్వరం ఉంటే ఎదురుచూడకూడదు, కాబట్టి సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్షకు రక్తం తీసి వెంటనే యాంటీబయాటిక్. తెల్ల కణాల కోసం ఫిల్‌గ్రాస్టిమ్ సూది. విడి గది.

ఆ రాత్రి డ్యూటీ డాక్టరు మందుల కాగితం మీద ఫోలిక్ ఆమ్లం అని రాసింది. ఫోలిక్, ఫోలినిక్. నర్సు ఆగి అడగబట్టి సరిపోయింది. ఫోలిక్ ఆమ్లం పనిలోకి దిగాలంటే ఆ కట్టుబడిన ఎంజైమే దాన్ని మార్చాలి. తలుపు మూసి ఉంటే బయట బస్తాలు పేర్చి లాభం లేదు. ఫోలినిక్ ఆమ్లం ఆ ఎంజైమ్ అవసరం లేకుండా, పక్క తలుపు నుంచి లోపలికి పోతుంది. ఒక్క కేసులో మూడు కవల జతలు: రెండు అట్టలు, రెండు అణువులు, రెండు పేర్లు. మా వార్డులో ఇప్పుడు ఫోలినిక్‌ను దాని ఇంకో పేరుతో, ల్యూకోవోరిన్ అనే రాస్తున్నాం.

రక్తంలో మెథోట్రెక్సేట్ ఎంతుందో పరీక్ష పంపితే చాలా తక్కువ వచ్చింది. "మందు పోయిందిగా సార్, ల్యూకోవోరిన్ ఆపేద్దామా" అన్నారు మా వాళ్లు. ఆపలేదు. మెథోట్రెక్సేట్ కణం లోపలికి వెళ్లాక కణమే దానికి గ్లుటమేట్ అనే అణువులను తోకల్లా తగిలిస్తుంది, ఆ తోకలతో అది బయటికి రాలేదు. రక్తంలో అంకె చూసి ధైర్యపడటం, చెరువు గట్టు మీద తడి లేదు కాబట్టి చెరువులో నీళ్లు లేవనుకోవడం లాంటిది. ఇలాంటి కేసుల్లో నేను ఆ అంకెను నమ్మను, నోరు మానిందా, కణాలు లేచాయా అనే చూస్తాను.

రెండో రోజు తెల్ల కణాలు 700కు, ప్లేట్‌లెట్లు 9,000కు పడ్డాయి. ప్లేట్‌లెట్లు ఎక్కించాం. కూతురికి టెన్షన్ తట్టుకోలేక ఏడుపొచ్చింది. "విరుగుడు ఇచ్చాక కూడా పడిపోతున్నాయేంటి సార్?" అడగవలసిన ప్రశ్నే. మూలుగలో మొదటి నకలు తీసిన కణం పూర్తి న్యూట్రోఫిల్‌గా రక్తంలోకి రావడానికి వారం పైన పడుతుంది. ఇవాళ రక్తంలో లేని కణాలు పోయిన వారం పుట్టవలసినవి. నిన్న రాత్రి మొదలైన పని వచ్చే వారం కనపడుతుంది. ప్లేట్‌లెట్ ఆయుష్షు వారం, పది రోజులు, న్యూట్రోఫిల్‌ది ఇంకా తక్కువ, అందుకే అవి ముందు పడ్డాయి. ఎర్ర కణం 120 రోజులు బతుకుతుంది కాబట్టి హిమోగ్లోబిన్ వాటంతగా పడలేదు. పడినంతలో కొంత పేగులో కారిన రక్తం వల్ల కూడా.

మూలుగ సూది పరీక్ష చేద్దామని మా వాళ్లలో ఒకరు పట్టుబట్టారు. లుకేమియా లేదని చూసుకోవాలని వాళ్ల వాదన, అందులో తప్పు లేదు. మాత్రల లెక్క అంత స్పష్టంగా ఉన్నప్పుడు 9,000 ప్లేట్‌లెట్లున్న మనిషికి నడుం ఎముకలో సూది దించడం నాకు ఇష్టం లేకపోయింది. వారం చూద్దాం, లేవకపోతే చేద్దామన్నాను. ఐదో రోజు మోనోసైట్లు, తెల్ల కణాల్లో ఒక రకం, కనపడ్డాయి. అవి ముందొస్తే వెనక మిగతావి వస్తున్నాయని మేము సంబరపడతాం. ఆరో రోజు తెల్ల కణాలు 1,900. ఎనిమిదో రోజు 4,600. జ్వరం నాలుగో రోజే పోయింది, కల్చర్‌లో ఏదీ పెరగలేదు. తొమ్మిదో రోజు పెరుగన్నం తింది, ఉప్పు తక్కువైందని చెప్పింది. పన్నెండో రోజు ఇంటికి పంపాం, క్రియాటినిన్ 1.1, ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు.

తర్వాత

కీళ్ల డాక్టరుతో మాట్లాడితే మెథోట్రెక్సేట్ మళ్లీ మొదలుపెట్టవద్దని నిర్ణయించారు, హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చారు. నాకు ఇందులో కొంచెం అసంతృప్తి ఉంది. ఆమె చేతులకు మెథోట్రెక్సేట్ నిజంగా పనిచేసింది. వారానికి ఒక్కసారి, సరైన మోతాదులో అది మంచి మందు. చెడింది అట్ట, మందు కాదు. కానీ ఆ కూతురి ముఖం చూశాక నేనూ పట్టుబట్టలేదు.

మేము మార్చుకున్నవి రెండు. వారం మాత్ర ఎవరికి రాసినా వారం పేరు రోగి భాషలో రాస్తాం, తెలుగువాళ్లకు ఆదివారం, తమిళులకు వాళ్ల అక్షరాల్లో, ఆ పేరును రోగి చేత పైకి చదివిస్తాం. చదవలేనివాళ్లకు ఇంట్లో ఎవరు చదువుతారో వాళ్లను పిలిపిస్తాం. నెలకు నాలుగు మాత్రలే ఇవ్వమని చీటీ మీదే రాస్తాం. నాలుగే ఉంటే ఐదో రోజుకే అయిపోయేవి, షాపుకు వెళ్లి అడిగేది, అక్కడే బయటపడేది.

ఒకటి మరిచాను. డిశ్చార్జి అయిన మూడో వారం కూతురు ఫోన్ చేసింది: దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది, జబ్బు తిరగబెట్టిందా అని. జుట్టు కుదుళ్లు కూడా ఆగకుండా నకలు తీసే కణాలే. దెబ్బ తిన్న వెంట్రుక కొన్ని వారాల తర్వాత రాలుతుంది. ముందే చెప్పి ఉండవలసింది, చెప్పలేదు. క్షమించమని, మళ్లీ వస్తుందని చెప్పాను.

మూడో నెల చూపించుకోవడానికి వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ 11.6. ముసుగు తీసి తల వంచి చూపించింది, చెవుల పక్కన అంగుళం పొడుగు కొత్త వెంట్రుకలు, అన్నీ తెల్లవే. రంగు వేసుకోవచ్చా అని అడిగింది. ఇంకో నెల ఆగమన్నాను.